సుల్తాను బజారు ఎవరిది?

హైదరాబాదు నగరమున మూసీనది కుత్తరపుటొడ్డున నున్న సుల్తాను బజారును గూర్చి నేడు మూడు తెగలవారు మూడు విధములుగా మాటాడుచున్నారు. మొదటి తెగవారికది చౌకబేరముల సందు. పెండ్లిచీరలు, గాజులు, రవికెగుడ్డలు కొనుటకు దిగవలసిన స్థలము. రెండవ తెగవారికది యొక ప్రేమకథకు ముంగిలి. ఆంగ్ల రెసిడెంటొకడు హైదరాబాదు కులీనకుటుంబపు కన్యను పరిణయమాడిన ముచ్చటను చెప్పుకొని మురియుట కొక యాధారము. మూడవ తెగవారు పటములు గీయువారు. వారి పటములలో నది యొక యిఱుకు, దారి కడ్డము. ఈ మువ్వురిలో నెవ్వరును ఆ పేటలో బ్రతికినవారి నడిగి మాటాడుట లేదు. ఒక పేట యెట్టిదో నిర్ణయించు నధికారము దానిలో కొనువానిదా, దానిని చూడవచ్చినవానిదా, దానిని కొలిచినవానిదా? లేక దానిలో కాపురముండి, అంగడి తెఱచి, సభచేసి, చదివి, చెఱసాలకు పోయినవారిదా? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పక తప్పని దినములు వచ్చినవి. ఏలయన బజారులోని పాతగోడలు ఒక్కొక్కటిగా కూలుచున్నవి. గోడ కూలినపిదప దానిపై వ్రాయదగినదానిని వెదకికొనుట వ్యర్థము.

మొదట పేరుల సంగతి చూతము. ఈ ప్రాంతమునకు జనులనోట కోఠీ యనియు పేరు కలదు. కోఠీ యనగా హిందుస్తానీలో దొరలుండు మేడ. ఆ మాట నెఱుగని మనవారు దానిని కోటిని చేసిరి. నూఱులక్షల కిమ్మతుగల పేట కాబోలునని తలచు నమాయకులును లేకపోలేదు. కచ్చేరీ కాగితములలో దీని పూర్వనామము రెసిడెన్సీ బజార్లు. 1933లో నాంగ్లప్రభుత్వము ఆ బజార్లను తిరిగి నిజామునకు స్వాధీనపఱచిన తరువాత సుల్తాను బజారను పేరు వాడుకకు వచ్చినది. అనగా నొకపేరు పరదేశపు దొర యింటినుండి వచ్చినది. రెండవది యతని యుద్యోగమునుండి. మూడవది స్వదేశపు టేలిక హోదానుండి. ఈ మూడు పేరులలో నొక్కదానియందైనను అచ్చట తూనిక పట్టినవాని యూసు గాని, పుస్తకము పట్టినవాని యూసు గాని లేదు. పేరు పెట్టినవారు వేఱు, పేటను నిలిపినవారు వేఱు.

పుట్టుక విషయమున దాచవలసిన దేమియు లేదు. అది గొప్ప పుట్టుక కాదు. 1798లో నిజామలీఖాను ఈస్టిండియా కంపెనీతో సైన్యసహకారపు సంధి చేసికొనెను. ఆ సంధితో నతని కొలువులోని ఫ్రెంచిదళములు చెదరిపోయెను. కంపెనీ పటాలములు వచ్చి కూర్చుండెను. వాని ఖర్చు నిజాము బొక్కసముమీద పడెను. ఆ కాలమున రెసిడెంటుగా నున్నవాడు జేమ్సు అకిలీసు కిర్కుపాట్రికు. మూసీ యుత్తరతీరమున, ప్రాకారనగరమున కెదుటిగట్టున, మేడకు పునాదులు పడినది వాని హయాములోనే. మదరాసు ఇంజనీర్ల దళములోని సామ్యుయేలు రస్సెలు దానికి నమూనా వ్రాసెను. ధనము నిజాముది; నివాసము కంపెనీవారిది. కిర్కుపాట్రికు 1805లో కలకత్తాలో మరణించెను. మేడ నిలిచినది, సంధియు నిలిచినది.

ఆ మేడనీడలో తరువాత జరిగిన పనులను నేటి ముచ్చటకాండ్రు చెప్పరు. రెసిడెన్సీవారి ప్రాపు జూచికొని పామరు కంపెనీ నిజాము ప్రభుత్వమున కధికమైన వడ్డీల కప్పులిచ్చి, వడ్డీపై వడ్డీ పేర్చుచు, రాజ్యమును కుదువసొమ్ముగా జేసినది. 1820లో రెసిడెంటై వచ్చిన మెట్కాఫుదొరకే యది కంటగింపైనదన్న నాదోపిడి యెట్టిదో యూహించుకొనవచ్చును. కంటింజెంటు పటాలముల బాకీపేర 1853లో బేరారు కంపెనీవారి చేతికి పోయినది. ఆ పత్రములపై చేవ్రాళ్లు పెట్టించినవారందఱును ఆ స్తంభముల నడుమ గొడుగులు ముడిచి లోనికి పోయినవారే. భార్యను ప్రేమించిన రెసిడెంటు కథ సత్యమే కావచ్చును. దానిని కాదనుటకు మాకేమి పని? కాని యొక గృహస్థుని యనురాగము నొక సామ్రాజ్యపు లెక్కపుస్తకమునకు ముసుగుగా కప్పుట సత్యము కాదు. 2002లో నాంగ్లమున వెలువడిన యొక ప్రసిద్ధగ్రంథము ఆ దంపతుల చరిత్రమును లోకమునకు చెప్పినది. దానిని చదివినవా రనేకులు మేడమెట్లవఱకు వచ్చి చూచుచున్నారు. రానిండు. కాని మెట్లు దిగిన పిదప బజారులోనికి పోక, బండియెక్కి తిరిగిపోవుచున్నారే, అదియే మా వ్యథ.

మేడచుట్టు బజారెట్లు పెరిగెను? ఆ హద్దులలో నిజాము కొత్వాలు మాట చెల్లదు. న్యాయస్థానము రెసిడెంటుది, పోలీసు రెసిడెంటుది. అప్పుతీసికొన్న ప్రభువు కోపించినచో తన యిల్లు దక్కునో దక్కదో యని దిగులుపడు షాహుకార్లకు ఈ హద్దు కోటగోడవలె కనబడినది. మార్వాడీలు వచ్చిరి, గుజరాతీలు వచ్చిరి. వారివెంట గుమాస్తాలు, కంసాలులు, దర్జీలు, మోతకూలీలు వచ్చిరి. మరాఠీ వకీళ్లు వచ్చిరి. తెలుగు జిల్లాలనుండి బిడ్డల చదువుకొఱకును, వ్యాజ్యములకొఱకును వచ్చినవారు బస కుదుర్చుకొనిరి. గుజరాతీ గల్లీ యను పేరు నేటికిని వినబడుచున్నది. బడీచౌడీలో కూరగాయల గంపల ప్రక్కన నిలుచున్నచో నయిదు భాషలలో బేరములు చెవినిబడును. బేరమాడువా డొక భాషలో తగ్గింపుమని, అమ్మువాడు వేఱొక భాషలో కుదరదని, ఇరువురును మూడవభాషలో రాజీపడుదురు. ఇట్టి పేటకు దొరతనము మేడనుండి వచ్చినదనుట కంటె, దొరతనము లేనిచోటు వెదకికొని వచ్చినవారు దీనిని కట్టుకొనిరనుట సత్యమునకు దగ్గఱ.

ఇచ్చట నొక యాక్షేపణ వినవచ్చును. కంపెనీవారి తుపాకినీడను వెదకికొని వచ్చిన షాహుకార్ల బజారునందు స్వాతంత్ర్య మెక్కడిదని కొందఱు దేశాభిమానులే వెక్కిరింతురు. వారికి 1857 జులై 17వ తేదీ సంగతి జ్ఞాపకము చేయుట మంచిది. ఉత్తరదేశపు మంటల సెగ హైదరాబాదునకు తగిలినప్పుడు, తిరుగబడి పాఱివచ్చిన జమేదారు చీదాఖానును, వాని తోడివారిని, సాలార్జంగు పట్టి రెసిడెంటున కప్పగించెను. వారిని విడువుడని జనులు మక్కామసీదులో గుమిగూడిరి. ఆ సాయంకాలమున రోహిలాలు కొన్నివందలమంది తుర్రేబాజుఖాను, మౌల్వీ అల్లాఉద్దీను అనువారి నాయకత్వమున నది దాటివచ్చి రెసిడెన్సీపై పడిరి. వారు తుపాకులు పేల్చుటకు నిలువనీడ యెక్కడ దొరకినది? పుత్లీబౌలీకడ షాహుకారు జయగోపాలదాసు ఇంటను, అబ్బనుసాహెబు ఇంటను! ఆ యిండ్లు మేడగోడ కెదుట నుండుటచే రాత్రియెల్ల నచ్చటనుండియే కాల్పులు జరిగెను. రెసిడెన్సీ ఫిరంగులు వానిని కొట్టెను. తెల్లవాఱుసరికి దాడి విఱిగిపోయినది. మౌల్వీని అండమాను దీవులకు పంపిరి. అతడచ్చటనే దేహము చాలించెను. తుర్రేబాజుఖాను చెఱనుండి తప్పించుకొని 1859 జనవరిలో తూప్రాను సమీపమున చంపబడెను. శవమును నగరమునకు గొనివచ్చి పదిమందియు చూచునట్లు వ్రేలాడదీసిరి.

భారతదేశమున నాటి తిరుగుబాటును గూర్చి చదువు మన బాలురు మీరటును, ఝాన్సీని, కాన్పూరును చెప్పగలరు. సుల్తాను బజారు బస్సునిలుచు చోటను తాము నిలుచున్న నేలమీద నట్టి రాత్రి యొకటి గడచినదని యెందఱెఱుగుదురు? కోఠీలో నొక స్మారకస్తంభము కలదు; ఒక దారికి తుర్రేబాజుఖాను పేరును గలదు. కాని ఆ దారిన పోవు నాటోరిక్షావానిని ఆ పేరుతో దారి యడిగి చూడుడు! వాడు తెల్లబోవును. తప్పు వానిది కాదు. ఇన్నేండ్లుగా వానికి చెప్పవలసినవారు చెప్పలేదు.

ఇక నసలు విషయమునకు వత్తము. 1901 సెప్టెంబరు 1వ తేదీన రెసిడెన్సీ బజారులో రావిచెట్టు రంగారావుగారి ఇంట శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. మునగాల జమీందారు నాయని వేంకటరంగారావుగారు, వారి దివానుగా నుండిన కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావుగారు, రంగారావుగారు దీనికి మూలపురుషులు. ఆ కాలపు స్థితి యెట్టిదో నేటి యువకులకు నమ్మించుట కష్టము. నిజాము రాష్ట్రమున నగ్రసంఖ్యాకుల మాతృభాష తెలుగు. అయినను కచ్చేరీలో తెలుగు లేదు, పెద్దబడిలో తెలుగు లేదు, పెద్దమనుష్యుల గోష్ఠిలో తెలుగు లేదు. తెలుగున మాటాడుట మోటుదనమునకు గుర్తు. అట్టిచోట తెలుగు పుస్తకములకొక యిల్లు, తెలుగు పత్రికలకొక బల్ల, తెలుగున నుపన్యసించుటకొక వేదిక. అంతే. తుపాకి లేదు, ఫిరంగి లేదు. కాని నిజాము రాష్ట్రపు టాంధ్రోద్యమమునకు మొదటి దీప మచ్చటనే వెలిగినదని మాడపాటి హనుమంతరావుగారివంటి పెద్దలు చెప్పియున్నారు. రంగారావుగారు 1910లో నకాలమరణము పొందిరి. వారి సతీమణి లక్ష్మీనరసమ్మగారు భాషానిలయ భవనమునకు ధనమిచ్చిరి. 1921లో నది సొంతయింట చేరినది. నేటికిని సుల్తాను బజారులో నున్నది.

ఆ పుణ్యకార్యము చార్మినారుకడ గాక రెసిడెన్సీ బజారులోనే యేల జరిగినది? ఈ ప్రశ్నకు మన పేటల చరిత్రకారులలో కొందఱు చప్పున నిచ్చు సమాధానము మాకు రోత పుట్టించుచున్నది. "అది యాంగ్లేయుల చలువ" యందురు. నిజాము నిరంకుశుడు గనుక నూపిరాడలేదట. ఆంగ్లేయుడు న్యాయపరుడు గనుక తన హద్దులలో నూపిరి పీల్చుకొననిచ్చెనట! ఈ మాట నిజమేనా? విజ్ఞానచంద్రికామండలిని 1906లో హైదరాబాదున స్థాపించినవారిలో గాడిచర్ల హరిసర్వోత్తమరావుగా రొకరు. రెండేండ్లు తిరుగకముందే, 1908లో, బెజవాడ స్వరాజ్య పత్రికలో నొక వ్యాసమునకై యాయనను చెఱసాలలో బెట్టినది యెవరి న్యాయము? ఆ యేడే తిలకుమహాశయుని మాండలేకు పంపినది యెవరి చలువ? 1910లో పత్రికల కుత్తుకకు చట్టపు త్రాడు బిగించినదెవరు? బెజవాడలో నోరు నొక్కినవాడు రెసిడెన్సీ బజారులో నోరు తెఱువనిచ్చుటకు వాడు ధర్మరాజు కాడు. అచ్చట తెఱచిన నోరు నిజామును గూర్చినదిగా నుండునని వాని ధీమా!

సత్యమిది. ఇద్దఱు యజమానుల గోడలనడుమ నొక సందు మిగిలినది. నిజాము చట్టము ఆ సందులోనికి రాజాలదు. ఆంగ్లేయుడు తన సొంత నేలపై బిగించినంతగా నచ్చట బిగింపలేదు. మనవారా సందును జూచుకొనిరి. ఇంటివాని సొమ్ముతో దొర కట్టించుకొన్న మేడ వెనుక, దొర కక్కఱలేని యిఱుకులో, పుస్తకమును దెచ్చి పెట్టుకొనిరి. గోడను కట్టినవానికి సందునుగూర్చి కృతజ్ఞత చెప్పవలెనట! రెండిండ్లవాండ్రు కలహించుటచేత నడుమ నిలిచిన దారిలో నొక పాంథుడు నడచిపోయినచో నాగౌరవ మాయిండ్లవాండ్రకు జెందునా? సుల్తాను బజారు సందుల పేట యని మొదటి తెగవారనుట మాకు సమ్మతమే. ఆ మాటలోని రెండవ యర్థమును గూడ గ్రహింపుడని మాత్రము మనవి చేయుచున్నాము.

ఈ సందును జూచుకొన్నవారు తెలుగువారొక్కరే కారు. ఆర్యసమాజము 1892లో నిచ్చటనే వెలసినది. మరాఠీ సోదరులు వివేకవర్ధినీ పాఠశాలను పెట్టి, దాని నాటకశాలను నగరపు సభలకెల్ల నిలయము చేసిరి. వారు మనకంటె ముందు మేలుకొన్నవారని యొప్పుకొనుటకు మనకు సిగ్గేల? సిగ్గుపడవలసిన ఘట్టము వేఱొకటి కలదు. దానిని దాచినచో నీ పేటను గూర్చి సగమే చెప్పినట్లగును.

1921 నవంబరు 11, 12 తేదీలలో వివేకవర్ధినీ నాటకశాలలో నిజాము రాష్ట్రపు సంఘసంస్కార సభ జరిగెను. స్త్రీవిద్యకై జీవితమును ధారవోసిన ధోండో కేశవ కార్వేగారు అధ్యక్షులు. ఉపన్యాసములు ఆంగ్లమున, ఉర్దూలో, మరాఠీలో సాగిపోవుచుండెను. వకీలు ఆలంపల్లి వేంకటరామారావుగారు లేచి తెలుగున మాటాడ నారంభించిరి. సభలో కొందఱు నవ్విరి, గేలిచేసిరి, చప్పట్లు చఱచిరి. ఆయన ముగింపక కూర్చుండవలసివచ్చెను. ఎవరు చేసిరి? నిజాము పోలీసులు కారు. రెసిడెంటు సిపాయీలు కారు. సంస్కారమును గూర్చి తీర్మానములు చేయవచ్చిన పెద్దమనుష్యులు! ఏ పేట తెలుగు పుస్తకమునకు నీడనిచ్చెనో యా పేటలోనే తెలుగునోటి కపహాస్యము జరిగినది. ఆ రాత్రియే తెలుగువారు కొందఱు టేకుమాల రంగారావుగారి ఇంట చేరి ఆంధ్రజనసంఘమును స్థాపించిరి. పట్టుమని పన్నెండుగురు. ఆ పన్నెండుగురి సంఘమే కాలక్రమమున జిల్లాలకు ప్రాకి, 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతను ప్రథమాంధ్రమహాసభగా నిలిచినది.

మేమీ ఘట్టమును మరాఠీవారిపై నెపమెన్నుటకు చెప్పుట లేదు. ఇరుకుచోట పలువురుండునప్పుడు భుజములు రాచుకొనును. రాచుకొనిన దినమున నొకడు పేట విడిచి పోలేదు. వేఱొక గదిలో దీపము పెట్టుకొనెను. ఉభయులును మఱునా డదే బడీచౌడీలో కూరలు కొనుక్కొనిరి. రెండవ తెగవారి ప్రేమకథ కంటె మాకీ కలహకథయే పేట స్వభావమును బాగుగ తెలుపుచున్నట్లు తోచును.

1933లో బజార్లు నిజాము స్వాధీనమైనంతనే నడిమిసందు మూసికొనిపోయినది. సభకు ముందుగా ననుమతి కోరవలెనను గస్తీ ఉత్తరువు, 53వ నంబరుది, తక్కిన రాష్ట్రమువలెనే యిచ్చటను వర్తింపదగినదయ్యెను. ఆంగ్లేయుని చలువయే మూలమైనచో నాదినముతో నీపేట మూగవోవలసినది గదా! మూగవోయినదా? భాషానిలయము తలుపులు మూసికొనలేదు. అప్పటికే పలుకు అలవాటైపోయినది. 1938లో రాష్ట్ర కాంగ్రెసుపై నిషేధము వచ్చినప్పుడు సత్యాగ్రహులను పంపిన నగరములో నీవీధులును గలవు. చలువపందిరి తీసివేసిన పిమ్మట నిలిచిన చెట్టును చూపి, ఇది పందిరివలన బ్రతికినదందురా?

1948లో నిజాము ప్రభుత్వ మంతరించెను. అంతకు ముందేడే రెసిడెంటు పదవి యంతరించెను. ఇరువురు యజమానులును పోయిరి. మేడలోనికి 1949లో నాడపిల్లల కళాశాల వచ్చినది. ఇది యీ పేట చరిత్రలో కెల్ల చక్కని సన్నివేశము. నిజాము కడకు వచ్చు రాయబారపు పత్రములు విప్పిన గదులలో నల్లగొండనుండియు, మహబూబునగరునుండియు వచ్చిన రైతుబిడ్డలు రసాయనశాస్త్రమును, తెలుగు వ్యాకరణమును చదివిరి. డెబ్బదేండ్లకు పైగా చదివిరి. పైకప్పు పెచ్చులూడి, తలుపులు చెదలు పట్టి, లోపల కాలు పెట్టుట యపాయమైనవఱకును చదివిరి. 2022లో నా కళాశాల మహిళావిశ్వవిద్యాలయమైనది. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టిరి. భూమికొఱకు దేశముఖునెదిరించిన పాలకుర్తి వీరనారి పేరు కిర్కుపాట్రికు మేడ యావరణమునకు వచ్చినది! మేడ పునరుద్ధరింపబడినది, స్తంభములు మరల తెల్లబడినవి. సంతోషము. కాని మేడలో నిటుపై జూపరులకు చెప్పు కథలో ఖైరున్నీసాబేగము నొద్ద నారంభించి కిర్కుపాట్రికు మరణముతో ముగించు కథకుడుండరాదు. ఆ మేడలో రెసిడెంట్లు కాపురమున్న కాలము నూటనలుబదియేండ్లకు మించదు. ఆడపిల్లలు చదివిన కాల మందులో సగమునకు మించినది. వారిలో నెందఱో తమ వంశమున మొట్టమొదట పట్టము పొందిన స్త్రీలు. ఆ మేడకు గొప్పకథ కావలసినచో నిదియేల చాలదు?

ఇక పటములవారు. మెట్రో రైలు మార్గము సుల్తాను బజారుమీదుగా పోవునని తెలిసిననాట వర్తకులు మొఱవెట్టిరి. నూఱేండ్లనాటి యంగళ్లు, మేడమీద కాపురము క్రింద వ్యాపారముగా నున్న యిండ్లు, కూలునని ధర్నాలు చేసిరి. 2014లో ప్రభుత్వము మార్గమును మార్చెదమని చెప్పెను. పిదప పాతమార్గమే ఖాయమయ్యెను. 2020 ఫిబ్రవరి 7వ తేదీన జూబిలీ బస్సుస్టేషనునుండి మహాత్మాగాంధీ బస్సుస్టేషనువఱకు పదునొకండు కిలోమీటర్ల దారి తెఱువబడినది. సుల్తాను బజారున నొక స్టేషను కలదు. బజారుమీద పెద్దకంబములు నిలిచినవి. కొన్ని యంగళ్ల ముఖము లూడిపోయినవి. మధ్యాహ్నపుటెండ కొంత తగ్గినది.

మెట్రో వలదని మేము పలుకము. సికిందరాబాదునుండి యాడపిల్ల యొంటిగా వచ్చి పుస్తకము కొనుక్కొని చీకటిపడకముందే యింటికి చేరుటకు రైలు వచ్చినచో నది మంచిదే. మా విరోధము రైలుతో గాదు, పటమునందు వీధి కేవలము వెడల్పుగా మాత్రమే కనబడు చూపుతో. అట్టి చూపునకు త్రోవప్రక్క గాజులపెట్టె యడ్డు. అనగా నేబదియేండ్లుగా తల్లినుండి కూతురికి సంక్రమించిన జీవనోపాధి యడ్డు. 2014నాటి చట్టమున వీధివర్తకునకు హక్కు చెప్పబడియున్నది. ఆ హక్కును జ్ఞాపకము చేసినవానిని దారి కడ్డుపడు మూర్ఖునిగా జూచుట మన కచ్చేరీలకు వాడుకయైపోయినది. 2007 ఆగస్టు 25వ తేదీ సాయంకాలమున కోఠీలో గోకుల్ చాటు దుకాణమున బాంబు ప్రేలి జనులు ప్రాణములు గోల్పోయిరి. పేరు కడుగని జనము, ఒక పళ్లెరము ముందు నిలుచున్న జనము. ఆ దుకాణము మరల తెఱచిరి. జనులు మరల వచ్చి నిలుచుండిరి. పటములో నీ సంగతి యెక్కడ గుర్తుపెట్టుదురు?

కడపట నొక మాట నామాంతరవాదులకు. పేటకు సుల్తానుపేరు దాస్యచిహ్నమనియు, మార్చివేయవలసినదనియు నొక కేక యప్పుడప్పుడు వినబడును. ఉత్సాహము మెచ్చదగినదే గాని పనికిమాలినది. పేరు మార్చినంత మాత్రమున దాస్యము పోవునేని 1933లోనే రెసిడెన్సీ పేరు పోయినప్పుడు పోయియుండవలెను. పోయినది పేరు, మారినది యజమాని. ఇప్పుడు యజమానులే లేరు. సుల్తాను లేని సుల్తాను బజారులో సుల్తానెవడని బాలుడడిగినచో, వానికి కథ చెప్పుటకు సందు దొరకును. పేరును తుడిచినచో నా ప్రశ్నయే పుట్టదు. ప్రతి పదునైదేండ్లకు నొక క్రొత్త పేరు పలకపై వ్రాసి పాతదానిని పగులగొట్టు వేడుక మనకేల? ఆ సొమ్ముతో పలకపై వేఱొకటి వ్రాయవచ్చును.

ఏమి వ్రాయవలెనో కూడ చెప్పెదము. మెట్రో స్టేషను మెట్లకడ, దిగువారికి కనబడునట్లు, తెలుగు, ఉర్దూ, మరాఠీ, హిందీ, ఆంగ్లములలో నయిదు పలకలు నిలుపుడు. మొదటిదానిపై 1857 జులై 17నాటి రాత్రి, ఇద్దఱు నాయకుల పేరులు, జయగోపాలదాసు ఇల్లుండిన దిక్కు. రెండవదానిపై 1901 సెప్టెంబరు 1, రావిచెట్టు రంగారావుగారి ఇల్లు, భాషానిలయమునకు పోవు దారి, అది తెఱచియుండు వేళలు. మూడవదానిపై 1921 నవంబరు సభ, నవ్వుతోగూడ, నవ్వును దాచవలదు. నాలుగవదానిపై 1949, కళాశాల, ఐలమ్మ. అయిదవది ఖాళీగా నుంచి బజారువారి కప్పగింపుడు. దానిపై నేమి వ్రాసికొందురో వారి యిష్టము.

ఇందులకు ప్రభుత్వపు టుత్తరువు కొఱకు వేచియుండుట యనవసరము. బజారున దీపావళికి తోరణములు కట్టుటకు చందాలు పోగుచేయు వర్తకసంఘములున్నవి, భాషానిలయమునకు కార్యవర్గమున్నది, వివేకవర్ధిని పాఠశాల యున్నది, విశ్వవిద్యాలయములో చరిత్రశాఖ యున్నది. నలుగురును నడిచిచేరు దూరములోనే యున్నారు. ఒక సాయంకాలము భాషానిలయపు బల్లచుట్టు కూర్చుండి మాటాడుకొన్నచో పని మొదలగును. ఆ సభలో నేభాషలో మాటాడవలెనను విషయమున నెవ్వరును నవ్వకుండిరేని మఱియు సంతసింతుము.